214 కోట్ల దగ్గర ఆగిపోయే లెక్క

డేటాబేస్ పని కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఖాతాదారుల పట్టిక ఒకటి తయారుచేస్తారు. పేరుకో గడి, ఊరికో గడి, మొబైల్ నంబరుకో గడి. నంబరన్నాక సంఖ్యే కదా అని ఆ మూడో గడికి పూర్ణసంఖ్య రకం ఎంచుకుంటారు. పదిమంది వివరాలు ఎక్కించి పట్టిక తెరిచి చూస్తే పదిమందికీ ఒకటే నంబరు కనిపిస్తుంది: 2147483647. వాళ్లలో ఎవరూ ఇచ్చిన నంబరు కాదది. తనిఖీలు సడలించి పెట్టిన మైఎస్‌క్యూఎల్‌లో ఇది తప్పకుండా జరిగేదే. మన మొబైల్ నంబర్లన్నీ 6, 7, 8, 9లలో ఏదో ఒక అంకెతో మొదలవుతాయి. అంటే ఏ నంబరైనా ఆ గడి మోయగలిగినదానికంటే పెద్దదే. అలాంటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ తాను దాచగలిగిన అతి పెద్ద సంఖ్యను రాసి ఊరుకుంటుంది.

ఈ సంఖ్య ఇంకా చాలాచోట్ల తారసపడుతుంది. 'గంగ్నమ్ స్టైల్' పాటను చూసినవారి లెక్క దీన్ని దాటుతున్నందున లెక్కింపు పద్ధతిని పెంచినట్టు 2014 డిసెంబరులో యూట్యూబ్ ప్రకటించింది. బోయింగ్ 787 విమానాల్లో జనరేటర్లను నియంత్రించే విభాగాలు ఆపకుండా 248 రోజులు నడిస్తే ఒక్కసారిగా పని మానేయవచ్చని, ఆలోగా ఒకసారి కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2015లో ఆదేశించింది. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెడితే 2147483647 నిండటానికి పట్టే కాలం 248 రోజుల పైచిలుకు. ఇక 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్న పాత పద్ధతి కంప్యూటర్లలో, 2038 జనవరి 19 మంగళవారం ఉదయం మన గడియారాల్లో 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లయ్యేసరికి ఇదే సంఖ్య వస్తుంది. ఆ తర్వాతి సెకనుకు వాటి తేదీ 1901 డిసెంబరులోకి వెళ్లిపోతుంది.

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బయి నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. కంప్యూటర్లు పుట్టక ముందే, 1772లోనే, దీనికి గణితంలో పెద్ద పేరుంది. 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ ఇది నిశ్శేషంగా భాగించబడదు. అంటే ప్రధాన సంఖ్య. లియొనార్డ్ ఆయిలర్ ఆ సంగతి తేల్చిన నాటినుంచి దాదాపు శతాబ్దం పాటు, తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే అతి పెద్దది.

యంత్రాలకు ఇది హద్దు కావడానికి, ఇది ప్రధాన సంఖ్య కావడానికి సంబంధం ఉందా? ఉందని అనుకునేవాళ్లు చాలామంది. దీని నిర్మాణం వల్ల జరిగేది ఏది, ప్రధానత్వం వల్ల జరిగేది ఏది అని విడదీసి చూస్తే తప్ప ఈ సంఖ్య గొప్పతనం అర్థం కాదు.

చదరంగం పలకలో 31 గడులు

రాజుగారిని చదరంగం పలకమీద గింజలు అడిగిన కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు. 64 గడుల మొత్తం 18446744073709551615. ఈ సంఖ్యను భూతసంఖ్యల్లో పొదిగి చెప్పే పద్యం పావులూరి మల్లన పేరిట తెలుగునాట ప్రచారంలో ఉంది.

ఈ గింజల్లో గమనించదగ్గ విషయం ఒకటి: ఏ గడి దాకా ఆగి కూడినా, వచ్చే మొత్తం తర్వాతి గడిలోని గింజలకంటే సరిగ్గా ఒకటి తక్కువ. 1, 2 కూడితే 3. తర్వాతి గడిలో 4. 1, 2, 4 కూడితే 7. తర్వాతి గడిలో 8. ఇలా 31 గడుల దాకా కూడితే వచ్చేదే 2147483647. గణితంలో దీన్ని 2³¹ − 1 అని రాస్తారు.

కంప్యూటర్ సంఖ్యను దాచుకునే పద్ధతీ ఇదే. ఒక్కో బిట్‌కు ఒక్కో గడి విలువ ఉంటుంది. బిట్ వెలిగితే ఆ విలువ లెక్కలోకి వస్తుంది, ఆరితే రాదు. చాలా ఏళ్లపాటు ఒక పూర్ణసంఖ్యకు 32 బిట్లు కేటాయించడం ఆనవాయితీ. ధనసంఖ్యో రుణసంఖ్యో తెలియడానికి వాటిలో ఒకటి పోగా 31 మిగులుతాయి. ఆ 31 వెలిగితే వచ్చే మొత్తమే హద్దు. దానికి మరొకటి కలిపితే 31 బిట్లూ ఆరిపోయి, హస్తం గుర్తు బిట్‌లోకి చేరుతుంది. సంఖ్య మైనస్ 2147483648 అవుతుంది. పాత కంప్యూటర్ల తేదీ 1970కి ముందు 68 ఏళ్లు వెనక్కి, 1901కి పోయేది అందువల్లే.

ఇందులో ప్రధానత్వం పాత్ర ఏమీ లేదు. 16 బిట్ల యంత్రాల హద్దు 32767. అది 7, 31, 151ల లబ్ధం. ఇప్పటి 64 బిట్ల యంత్రాల హద్దు 9223372036854775807. అదీ 7తో నిశ్శేషంగా భాగించబడుతుంది. మధ్యలోని 32 బిట్ల హద్దు ఒక్కటే ప్రధాన సంఖ్య అయింది. ఇంజనీర్లు దాన్ని అందుకోసం ఎంచుకోలేదు.

63 గడులు ఎందుకు కుదరవు?

64 బిట్లలో గుర్తుకు ఒకటి పోతే 63. ఆ 63 గడులను మూడేసి చొప్పున విడదీయండి. మొదటి మూడింటి మొత్తం 1 + 2 + 4 = 7. తర్వాతి మూడింటిది 8 + 16 + 32 = 56, అంటే 7 ఎనిమిదిసార్లు. ఆ తర్వాతి మూడింటిది 448, అంటే 7 అరవై నాలుగుసార్లు. ప్రతి మూడు గడుల గుంపూ 7 గుణిజమే. కాబట్టి మొత్తమూ 7 గుణిజమే అవుతుంది. 63ను మూడేసి చొప్పున విడదీయగలిగాం కాబట్టి ఇది సాధ్యమైంది. 15 గడులనైతే మూడేసి చొప్పునా విడదీయవచ్చు, అయిదేసి చొప్పునా విడదీయవచ్చు. అందుకే 32767కు 7, 31 రెండూ కారణాంకాలయ్యాయి.

గడుల సంఖ్యను ఇలా సమాన గుంపులుగా చీల్చగలిగితే మొత్తం ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం లేదు. కాబట్టి గడుల సంఖ్య ముందు ప్రధాన సంఖ్య కావాలి. 31 అలాంటిదే. అయితే అది మాత్రమే చాలదు. 11 కూడా ప్రధాన సంఖ్యే. 11 గడుల మొత్తం 2047 మాత్రం 23 × 89.

పూర్వం చాలామంది పొరపడింది ఇక్కడే. ఇటలీలో బొలోన్యాకు చెందిన కటాల్డీ 17, 19 గడుల మొత్తాలు ప్రధాన సంఖ్యలేనని వరసగా భాగించి సరిగ్గా నిరూపించాడు. ఆ ఊపులో 23, 29, 31, 37 గడులవీ అంతేనని 1603లో అచ్చువేసిన పుస్తకంలో రాశాడు. 23ది 47తోనూ, 37ది 223తోనూ భాగించబడతాయని ఫెర్మా 1640లో చూపాడు. 29ది 233తో భాగించబడుతుందని 1738లో ఆయిలర్ చూపాడు. నాలుగింటిలో 31 ఒక్కటే మిగిలింది. ఫ్రెంచి మతాచార్యుడు మెర్సెన్ 1644లో 257 గడుల దాకా ఒక జాబితా ప్రకటించాడు. అందులోనూ తప్పులున్నాయి. అయినా ఇలాంటి ప్రధాన సంఖ్యలకు ఆయన పేరే స్థిరపడింది.

ఆయిలర్ పట్టిన జల్లెడ

ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి అందరికీ తెలిసిన దారి దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడటం. 2147483647 వర్గమూలం 46340 పైచిలుకు. అంతవరకు దాదాపు 4800 ప్రధాన సంఖ్యలున్నాయి. ఒక్కో భాగహారం చేత్తో చేయాలి. 1772 నాటికి ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. వయసు అరవై అయిదు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది శుక్లాలతో దాదాపు పోయింది. ఆ స్థితిలో ఆయన బెర్లిన్‌లోని మూడో యోహాన్ బెర్నూలీకి రాసిన లేఖలో ఫలితం తెలిపాడు. భాగించే పనిని ఆయన ఎలా తగ్గించాడన్నదే ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే భాగం. దాన్ని చిన్న సంఖ్యల్లో చూడవచ్చు.

11 గడుల మొత్తం 2047కు 23 కారణాంకం. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోదాం; 23 దాటినప్పుడల్లా 23 తీసేద్దాం. 2, 4, 8, 16, తర్వాత 32లోంచి 23 పోతే 9, ఆపైన 18, 13, 3, 6, 12, మళ్లీ 1. పదకొండు అడుగుల్లో మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఇలా తిరిగి రావడానికి పట్టే అడుగులు, ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేయగా వచ్చే సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తాయని ఫెర్మా కనుగొన్న నియమం చెబుతుంది. ఇక్కడ 22ను 11 భాగిస్తుంది. రెండో కారణాంకం 89. 88ని కూడా 11 భాగిస్తుంది. కటాల్డీ సంఖ్యలను చూసినా అదే: 47లో 46, అది 23కు రెట్టింపు; 223లో 222, అది 37కు ఆరు రెట్లు.

మన సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాంతో ఈ రెట్టింపు ఆట 31 అడుగుల్లో తిరిగి 1కి చేరాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి మధ్యలో ముందే చేరే వీలు లేదు. అంటే ఆ కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే 31 గుణిజం రావాలి. కారణాంకం బేసి కాబట్టి, తీసేయగా వచ్చింది సరి సంఖ్య. కనుక అది 62 గుణిజం. ఒక్క వేటుకు అభ్యర్థులు 63, 125, 187, 249, 311 అనే వరసకు తగ్గిపోయాయి.

ఆయిలర్ దీనికి రెండో జల్లెడ కలిపాడు. 2³¹ను భాగిస్తే 1 మిగలాలి కాబట్టి, 2³²ను భాగిస్తే 2 మిగలాలి. 2³² ఒక వర్గం. వర్గాన్ని భాగిస్తే 2 మిగిలే బేసి ప్రధాన సంఖ్యలను ఎనిమిదితో భాగిస్తే 1 గానీ 7 గానీ మాత్రమే మిగులుతుంది. 125ను ఎనిమిదితో భాగిస్తే 5 మిగులుతుంది, 187ను భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటివి పోయాయి. వరసలో సగం రాలిపోయింది. మిగిలినవి 248 గుణిజానికి 1 గానీ 63 గానీ కలిపితే వచ్చేవి మాత్రమే. 46340 దాకా అలాంటివి ఎన్ని? మొదట్లోని 63 ఎలాగూ ప్రధానం కాదు, అది పోగా 372. వాటిలోనూ 249, 497 వంటివి చూడగానే ప్రధానం కావని తేలిపోతాయి. 311 నిలుస్తుంది. దాంతో మన సంఖ్యను భాగిస్తే 35 మిగులుతుంది. ఇలా ఒక్కొక్కటీ శేషం మిగిల్చాయి. చివరి అభ్యర్థి దాకా ఏదీ నిశ్శేషంగా భాగించలేదు.

దీని నిర్మాణం కాస్త వేరుగా ఉంటే ఈ జల్లెడలు పనిచేసేవి కావు. పక్కనున్న ఏ పదంకెల సంఖ్యనో తీసుకుంటే నాలుగు వేల పైచిలుకు భాగహారాలూ చేయాల్సిందే. ప్రధానత్వం ఇక్కడ అంత చవగ్గా రుజువు కావడం నిర్మాణం చలవ.

బాక్స్: భాగించకుండానే తేల్చడం

1876లో ఫ్రాన్స్‌కు చెందిన లుకా మరో దారి కనిపెట్టాడు. అమెరికా గణితవేత్త డి.హెచ్. లేమర్ తర్వాత దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. 4తో మొదలుపెట్టాలి. దాన్ని వర్గం చేసి 2 తీసేయాలి. వచ్చినదాన్ని పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. గడుల సంఖ్యకంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు.

అయిదు గడుల మొత్తం 31ని పరీక్షిద్దాం. మూడు అడుగులు చాలు. 4 వర్గం 16, రెండు పోతే 14. 14 వర్గం 196, రెండు పోతే 194, దాన్ని 31తో భాగిస్తే 8 మిగులుతుంది. 8 వర్గం 64, రెండు పోతే 62, భాగిస్తే సున్నా. 31 ప్రధాన సంఖ్యే. ఆయిలర్ 372 దాకా భాగహారాలకు సిద్ధపడిన సంఖ్యకు ఈ పద్ధతిలో 29 అడుగులు చాలు. లుకా ఇలాంటి దారిలోనే 127 గడుల మొత్తం ప్రధాన సంఖ్యని చూపాడు. దానిలో 39 అంకెలున్నాయి.

ప్రధానత్వం నిజంగా పనికొచ్చిన చోటు

కంప్యూటర్ ఆటల్లోనూ, వాతావరణం నుంచి ట్రాఫిక్ దాకా రకరకాల నమూనా లెక్కల్లోనూ యాదృచ్ఛిక సంఖ్యలు కావాలి. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసేదే కాబట్టి అచ్చమైన యాదృచ్ఛికత దానికి రాదు. అలా కనిపించే వరసను లెక్కవేసి ఇస్తుంది. అందుకు లేమర్ 1951లో సూచించిన ఉపాయం చాలా సులభం: చేతిలో ఉన్న సంఖ్యను ఒక స్థిర సంఖ్యతో గుణించు, మరో స్థిర సంఖ్యతో భాగించి శేషం తీసుకో, అదే కొత్త సంఖ్య.

భాగించే సంఖ్య 10 అనుకోండి, గుణించేది 2. చేతిలో 5 ఉంటే వెంటనే 10, శేషం సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నాయే. ఆట అక్కడితో ఆగిపోయింది. భాగించేది ప్రధాన సంఖ్య అయితే ఈ ఉచ్చు ఉండదు, ఎందుకంటే దానికంటే చిన్న సంఖ్యలు రెండింటిని గుణిస్తే అది ఎప్పటికీ నిశ్శేషంగా భాగించదు. 7ను తీసుకుని 3తో గుణిస్తూ పోతే 1, 3, 2, 6, 4, 5 అన్నీ ఒక్కోసారి వచ్చి మళ్లీ 1. కానీ గుణకం 2 అయితే 1, 2, 4, మళ్లీ 1. సగం సంఖ్యలు అసలు రావు. అంటే ప్రధాన సంఖ్యతో పాటు దానికి తగిన గుణకమూ కావాలి.

1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ భాగించేదానిగా 2147483647ను, గుణకంగా 16807ను ఎంచుకున్నారు. 16807 అంటే ఏడును అయిదుసార్లు వేసి గుణిస్తే వచ్చేది. 1తో మొదలైతే వరస 16807, 282475249, 1622650073, 984943658 అని సాగుతుంది. చూడటానికి ఏ క్రమమూ కనిపించదు. అయినా 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కసారి, ఒక్కసారే వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. ఒక్కటి కూడా తప్పిపోదు. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా పెట్టుకోవాలని వాదించారు. సీ ప్లస్ ప్లస్ భాషా ప్రమాణంలో ఇది ఇప్పటికీ ఉంది.

ఇక్కడ నిర్మాణమూ సాయం చేసింది. తొమ్మిదితో భాగిస్తే ఏం మిగులుతుందో చూడటానికి అంకెలు కూడితే చాలని బడిలో నేర్చుకుంటాం. 99తో అయితే రెండేసి అంకెలు కూడాలి: 1234కు 12 + 34 = 46, శేషం అదే. పదికి ఒకటి తక్కువ, వందకు ఒకటి తక్కువ కావడం వల్ల ఈ సౌలభ్యం. బిట్ల లోకంలో 2147483647 కూడా అలాంటిదే. 31 బిట్ల దగ్గర తెగ్గోసి రెండు ముక్కలూ కూడితే శేషం వచ్చేస్తుంది. భాగహారం ఖరీదైన పనిగా ఉన్న ఆ రోజుల యంత్రాలకు ఇది పెద్ద ఆదా. ప్రధానత్వం వరసను పూర్తిగా తిప్పింది, నిర్మాణం లెక్కను తేలిక చేసింది, 32 బిట్ల గదిలో సరిగ్గా పట్టింది. ఈ మూడూ ఒకేచోట కుదిరిన సంఖ్య ఇదొక్కటే.

పాస్‌వర్డులకూ బ్యాంకు రహస్యాలకూ మాత్రం ఈ వరసను వాడకూడదు. ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతివన్నీ గుణించి చెప్పేయవచ్చు. పైగా 214 కోట్ల అడుగుల వరస ఇప్పటి కంప్యూటర్‌కు కొద్ది సెకన్ల పని.

పరిపూర్ణ సంఖ్యలు, పెరిగిన రికార్డులు

6ను తీసుకుంటే, దాన్ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3, కూడితే 6. 28కి 1, 2, 4, 7, 14, కూడితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. గడుల మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా, దాన్ని చివరి గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ నిరూపించాడు: 3 × 2 = 6, 7 × 4 = 28. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వచ్చేవేనని ఆయిలర్ రెండువేల ఏళ్ల తర్వాత పూర్తిచేశాడు. మన సంఖ్య ఇచ్చే పరిపూర్ణ సంఖ్య 2305843008139952128. వరసలో ఎనిమిదోది. ఇంతకంటే పెద్దదాన్ని ఎవరూ కనుక్కోరని 1811లో ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ బార్లో రాశాడు. ఉపయోగం లేని వింత కోసం ఎవరు అంత శ్రమపడతారన్నది ఆయన వాదం.

1867లో ఫ్రాన్స్‌కు చెందిన లాండ్రీ, 59 గడుల మొత్తాన్ని భాగించే 3203431780337 ప్రధాన సంఖ్యని తేల్చడంతో ఆయిలర్ రికార్డు పోయింది. 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే చర్చి పూజారి 61 గడుల మొత్తం ప్రధాన సంఖ్యని చూపడంతో తొమ్మిదో పరిపూర్ణ సంఖ్య వచ్చింది. బార్లో మాట మాత్రం అంతకుముందే, 127 గడుల మొత్తం ప్రధాన సంఖ్యని 1876లో లుకా చూపినప్పుడే పోయింది. 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన లూక్ డ్యూరంట్ 17 దేశాల్లోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లను కలిపి నడిపి 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్యని కనుగొన్నాడు. దానిలో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. తుది నిర్ధారణ జరిగింది లుకా, లేమర్ల పరీక్షతోనే.

ఆయిలర్ జల్లెడ కూడా మూలన పడలేదు. 3 గడుల మొత్తం 7, 7 గడుల మొత్తం 127, 127 గడుల మొత్తం లుకా కనుగొన్న 39 అంకెల సంఖ్య. అన్నీ ప్రధాన సంఖ్యలే. అలాగే 5 గడుల మొత్తం 31, 31 గడులది 2147483647. అయితే 2147483647 గడులు పెడితే? వచ్చే మొత్తాన్ని రాయడానికి 64 కోట్లకు పైగా అంకెలు కావాలి. దాన్ని 295257526626031 అనే సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుంది. ఆ గొలుసు అక్కడితో తెగిపోయింది. ఆ కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే మళ్లీ 2147483647 గుణిజమే వస్తుంది. మొదటి గొలుసులో 39 అంకెల సంఖ్యంత గడులు పెడితే వచ్చే మొత్తాన్ని ఏ యంత్రమూ రాయలేదు, లుకా పరీక్షకూ అది లొంగదు. దానికి కారణాంకం కోసం ఈ జల్లెడ ఒక్కటే సాధనంగా ఇప్పటికీ వెతుకుతున్నారు. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.